స్టెంట్ వేశాక మనిషి డల్ అయిపోతే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి

మా నాన్నకి స్టెంట్ వేసి అప్పటికి ఏడు వారాలు. శుక్రవారం పొద్దున్న విశాఖపట్నం కంచరపాలెంలో ఇంటికెళ్ళి, ఊరికే సర్దుదామని మందుల డబ్బా తీశాను. వారానికి సరిపడా గడులుండే ప్లాస్టిక్ డబ్బా అది, రోజుకి పొద్దుట ఒక మూత, రాత్రి ఒక మూత. బుధవారం రాత్రి గడిలో మాత్రలన్నీ అలాగే ఉన్నాయి. గురువారం రెండు గడులూ నిండుగా ఉన్నాయి. వాటిలో క్లోపిడోగ్రెల్ కూడా ఉంది, స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది, ఒక్క పూట కూడా మానొద్దని డిశ్చార్జి రోజు డాక్టరుగారు మూడుసార్లు చెప్పిన మాత్ర. "ఏం నాన్నా, మర్చిపోయారా?" అని అడిగితే, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరక్కుండానే "మర్చిపోనేదమ్మా. ఏసుకుని ఏటి సేస్తాను" అన్నారు.

అప్పటిదాకా మేమంతా నీరసం అనుకున్నాం. అంత పెద్ద గండం దాటిన మనిషి కదా, నెల రెండు నెలలు అలాగే ఉంటుంది అని అమ్మ, అదే మాట చిన్నాన్న, అదే మాట నేనూ. అది డిప్రెషన్ అని తర్వాత తెలిసింది. మన పెద్దవాళ్ళు మనాది అనేవాళ్ళు చూడండి, అదే. ఉప్పెంత, నూనెంత, మెట్లు ఎప్పుడెక్కాలి అని అన్నీ చెప్పి పంపిన ఆసుపత్రిలో మనసు గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ. అందుకే మీ ఇంట్లో గుండెపోటు వచ్చినవాళ్ళో, స్టెంటో బైపాసో అయినవాళ్ళో ఉంటే ఏం గమనించాలి, ఎవరికి ఏం చెప్పాలి, ఏం చేయకూడదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. నాన్నని చూసిన ఇద్దరు డాక్టర్లు చెప్పినదీ, అది అర్థం కావడానికి నేను చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను, మీ డాక్టరు చెప్పే మాట దీనికన్నా ముందు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషికి మళ్ళీ ఛాతీ పట్టేసినట్టుంటే, చెమటలు పోస్తే, నొప్పి చేతిలోకో దవడలోకో పాకితే, ఊపిరి ఆడకపోతే, "టెన్షన్ పడుతున్నావు, కాసేపు పడుకో" అనకండి. 108కి ఫోన్ చేయండి. అది ఆందోళనా, గుండెపోటా అన్నది ఈసీజీ చూసి ఆసుపత్రిలో తేల్చాల్సిన సంగతి, మన ముందుగదిలో కాదు. ఈ పేజీలో మిగతాదంతా అలాంటి అత్యవసరం లేనప్పటి మాట.

దిగులు గుండెని ఏం చేస్తుంది

గుండెపోటు తర్వాత ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి పూర్తిస్థాయి డిప్రెషన్ ఉంటుంది, కొన్ని లక్షణాలు మాత్రమే ఉన్నవాళ్ళని కూడా కలుపుకుంటే ఇంకా ఎక్కువమంది. మాంట్రియల్‌లో గుండెపోటు వచ్చిన 222 మందిని పరిశీలించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, డిప్రెషన్ ఉన్నవాళ్ళు తర్వాతి ఆరు నెలల్లో చనిపోయే ముప్పు, లేనివాళ్ళతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లు కనబడింది. గుండె ఎంత దెబ్బతింది అన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఆ అంకె అంత పెద్దగా లేదు కానీ దిశ మాత్రం మారలేదు. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నిపుణుల బృందం కూడా గుండెపోటు వచ్చినవాళ్ళలో డిప్రెషన్‌ని ముప్పు పెంచే కారణాల్లో ఒకటిగా గుర్తించాలని చెప్పింది. అంటే షుగరు, బీపీ, సిగరెట్ అని మనం వరసగా చెప్పుకునే జాబితాలో దీన్నీ కూర్చోబెట్టాలి.

ఎందుకిలా అంటే దారులు రెండు. ఒకటి ఒంట్లో జరిగేది. దిగులు నెలల తరబడి ఉన్న ఒంట్లో అడ్రినలిన్, కార్టిసోల్ లాంటి హార్మోన్లు దారి తప్పుతాయి, రక్తంలో ప్లేట్‌లెట్లు త్వరగా ఒకదానికొకటి అంటుకునే గుణం పెరుగుతుంది, రక్తనాళాల లోపలి పొరలో వాపు పెరుగుతుంది. ఒంట్లోనే జరిగే ఇంకో సంగతి నాకు డాక్టరుగారు చెప్పేదాకా తెలియనిది. ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా ఒకే లెక్కన కొట్టుకోదట, ఊపిరి తీసుకున్నప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు కాస్త నెమ్మది. ఈ సర్దుబాటు ఉంటేనే మంచిది. డిప్రెషన్‌లో అది తగ్గిపోతుంది, గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది.

రెండో దారి ఇంట్లో అందరికీ కనబడేది, అయినా మనం చూడనిది. మాత్రలు మానేయడం, నడక మానేయడం, తిండి సయించక టీ బిస్కెట్లతో సరిపెట్టడం, వదిలేసిన చుట్టనో బీడీనో మళ్ళీ ముట్టించడం, చెకప్ తేదీ వచ్చినా "వచ్చే నెల చూద్దాంలే" అనడం. నా మట్టుకు ఈ రెండో దారే ఎక్కువ భయపెడుతుంది. కొత్తగా వేసిన స్టెంట్ మీద రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఆ చిన్న మాత్రే, అది మానేసిన మనిషి మొండితనంతో మానలేదు, బతకాలనే ఆశ సన్నగిల్లి మానేశాడు. మొండితనమైతే తిట్టి వేయించొచ్చు. దీన్ని తిట్టి వేయించలేం.

ఎలా గుర్తుపట్టాలి

కష్టమల్లా ఇక్కడే. నీరసం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం గుండెపోటు తర్వాత కొన్నాళ్ళు ఎవరికైనా ఉంటాయి. బైపాస్ అయినవాళ్ళకి మొదటి వారాల్లో ఊరికే కన్నీళ్ళు రావడం కూడా మామూలే. కాబట్టి వాటిని పట్టుకుని కంగారు పడక్కర్లేదు. చూడాల్సింది, రోజులు గడిచేకొద్దీ మనిషి తేరుకుంటున్నాడా, ఇంకా లోపలికి వెళ్ళిపోతున్నాడా అన్నది. ఇంకా ముఖ్యంగా, ముందు ఇష్టపడి చేసిన పనుల మీద మనసు పోతోందా లేదా అన్నది. మా నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని, కనబడకపోయినా సరే, ఓడ కూత వినబడితే ఏ రకం ఓడో చెప్పేవారు. ఆ ఏడు వారాల్లో ఒక్కసారి కూడా ఆ కుర్చీ బయటికి రాలేదు. అమ్మ దాన్ని మడిచి బీరువా పక్కన పెట్టేసింది. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

మగవాళ్ళలో చాలామంది దిగులుగా ఉందని నోటితో చెప్పరు. చిరాకు పడతారు. టీవీ సౌండుకి, మనవడి అల్లరికి, కూరలో ఉప్పుకి. ఆడవాళ్ళ సంగతి ఇంకో రకం, ఒళ్ళు నొప్పులు, తల దిమ్ము, కాళ్ళు లాగడం అని చెప్తారు, పైగా వాళ్ళు లేచి వంట చేసుకుంటూనే ఉంటారు కాబట్టి బాగానే ఉంది అనుకుంటాం. "మీకు నేను భారమైపోయాను", "ఇంకెన్నాళ్ళులే" లాంటి మాటలు ఒకటికి రెండుసార్లు వినబడితే వాటిని వైరాగ్యం అని కొట్టిపారేయకండి.

ఇంట్లో అడగడానికి రెండు ప్రశ్నలున్నాయి, ప్రపంచమంతటా డాక్టర్లు మొదట అడిగేవి అవే. గత రెండు వారాల్లో, ఒకటి, ఏ పని మీదా ఆసక్తి గానీ సంతోషం గానీ లేకుండా ఎన్ని రోజులు ఉంది? రెండు, దిగులుగా, నిరాశగా ఎన్ని రోజులు అనిపించింది? అస్సలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగం రోజుల కన్నా ఎక్కువంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండూ కలిపి 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుకి చెప్పి తీరాలి. వాళ్ళు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తారు, అది 27కి, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సాధారణంగా పట్టించుకోవాల్సిన డిప్రెషన్ కిందే చూస్తారు. అడిగేటప్పుడు పరీక్ష పెట్టినట్టు అడగకండి, పదిమంది ముందు అసలే వద్దు. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగాను, ఆయన చేతికీ నాలుగు ఇచ్చి. చేతిలో పని ఉంటే మొహం చూడక్కర్లేదు కదా, మాట కాస్త సులువుగా వస్తుంది. రెండింటికీ "రోజూనే" అన్నారు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ముందు గుండె డాక్టరు దగ్గరికే. ఎందుకంటే మనసు తాలూకు మందు ఏది ఇచ్చినా గుండె మందులతో కలిపి చూసుకోవాలి. ఇంకోటి, డిప్రెషన్‌లా కనబడేవన్నీ డిప్రెషన్ కావు, థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా, బీ12 తగ్గినా మనిషి ఇలాగే వాలిపోతాడు, చిన్న రక్త పరీక్షతో తేలిపోతుంది. ఓపీలో మనకి దొరికేది ఐదు నిమిషాలు, అందులో బీపీ చూడ్డానికే రెండు పోతాయి. కాబట్టి కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. ఎప్పటినుంచి మారారు, రాత్రి ఎన్ని గంటలకి మెలకువ వస్తోంది, ఏ మాత్రలు ఎన్ని రోజులు మానేశారు, రెండు ప్రశ్నలకి ఏం చెప్పారు. నాలుగు లైన్లు చాలు. "కొంచెం డల్‌గా ఉంటున్నారండీ" అంటే "అంతే ఉంటుంది, తగ్గిపోతుంది" అనే జవాబే వస్తుంది. మొదటిసారి నాకు వచ్చింది అదే. రెండోసారి "మూడు పూటల మాత్రలు మానేశారండీ, క్లోపిడోగ్రెల్‌తో సహా, వేసుకుని ఏం చేస్తానంటున్నారు" అని కాగితం ముందు పెట్టాను. ఆయన పెన్ను కింద పెట్టి నాన్న వైపు తిరిగారు.

సైకియాట్రిస్టు అనగానే మన ఇళ్ళలో ఒక భయం ఉంది. చిన్నాన్న అయితే "అన్నయ్యకి పిచ్చేటి?" అన్నారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు ఎత్తితేనే జనం మాట మార్చేసే ఊరు మనది. అక్కడా, కేజీహెచ్ అనే ప్రభుత్వ పెద్దాసుపత్రిలోనూ మానసిక వైద్యం దొరుకుతుంది, డబ్బుల్లేక ఆగిపోవాల్సిన పని లేదు. ఎక్కడికీ వెళ్ళడానికి ఒప్పుకోకపోతే ఫోనుతో మొదలుపెట్టండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సర్వీసు ఉంది, నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పేషెంటే చేయాలని లేదు, మీరు చేసి ఏం చేయాలో అడగొచ్చు. నాన్నని ఒప్పించడానికి నేను వాడిన మాట ఒక్కటే, "గుండె డాక్టరే పంపించారు నాన్నా, ఇదీ గుండె వైద్యంలో భాగమే." అబద్ధం కూడా కాదు.

మందుల గురించి తెలిసి ఉండాల్సినవి

గుండె జబ్బు ఉన్నవాళ్ళకి డిప్రెషన్ మందులన్నీ ఒకటి కాదు. అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ లాంటి పాత రకాలు గుండె లయ మీద పనిచేస్తాయి కాబట్టి గుండెపోటు వచ్చినవాళ్ళకి సాధారణంగా ఇవ్వరు. సెర్ట్రలిన్‌ని గుండెపోటు వచ్చిన, గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరిన 369 మంది మీద పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రచురించారు, గుండెకి హాని కనబడలేదు, అందుకే చాలామంది డాక్టర్లు దానితో మొదలుపెడతారు. సిటలోప్రామ్ అయితే మోతాదు జాగ్రత్త, 60 ఏళ్ళు దాటినవాళ్ళకి రోజుకి 20 మిల్లీగ్రాములకి మించొద్దని అమెరికా ఔషధ సంస్థ హద్దు పెట్టింది. అందుకే పక్కింటావిడ చీటీలోని మాత్ర, మెడికల్ షాపువాడు "నిద్ర పడుతుంది" అని ఇచ్చే మాత్ర మీ ఇంట్లోకి రానివ్వకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్ళకి సెర్ట్రలిన్ రకం మందు కలిస్తే రక్తస్రావం జరిగే అవకాశం కాస్త పెరుగుతుంది. భయపడి మానేయక్కర్లేదు, డాక్టర్లకి తెలుసు, కడుపుకి రక్షణగా మాత్ర కూడా రాస్తారు. కానీ దాని మీద మోకాళ్ళ నొప్పులకని డైక్లోఫెనాక్ లాంటివి మనంతట మనం వేయకూడదు. విరేచనం తారులా నల్లగా వచ్చినా, చిగుళ్ళ నుంచి రక్తం ఆగకపోయినా వెంటనే చెప్పాలి.

ఈ మందులు వేసిన మర్నాటికి పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు. ఈలోపు మొదటి వారంలో కడుపులో తిప్పడం, తలనొప్పి ఉంటాయి, అదిగో సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరు "పడట్లేదు, మానేయ్" అంటారు. మానొద్దు, ఫోన్ చేసి అడగండి. బాగైందని హఠాత్తుగా ఆపడం కూడా తప్పే, మెల్లగా తగ్గించాలి. అలాగే "బీపీ మాత్ర వల్లే డల్‌నెస్" అని ఎవరో చెప్పారని మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ ఆపేయకండి. వాటితో కొంత అలసట రావచ్చు కానీ ఒక్కసారిగా ఆపితే గుండెకి ప్రమాదం.

ఉన్నమాట చెప్పాలి. డిప్రెషన్‌కి వైద్యం చేస్తే గుండె కూడా తప్పకుండా బాగుపడుతుందా అంటే, ఫలితాలు ఒక్కలా లేవు. అమెరికాలో 2,481 మంది మీద చేసిన పెద్ద అధ్యయనంలో కౌన్సెలింగ్ వల్ల దిగులు తగ్గింది కానీ మరణాలూ మళ్ళీ వచ్చే గుండెపోట్లూ తగ్గలేదు, ఆ ఫలితాలు 2003లో వచ్చాయి. కొరియాలో 300 మందికి చేసిన అధ్యయనంలో ఆరు నెలల పాటు ఎస్సిటలోప్రామ్ (సెర్ట్రలిన్ రకం మందే) వాడినవాళ్ళని సుమారు ఎనిమిదేళ్ళు గమనిస్తే, గుండెకి సంబంధించిన పెద్ద సమస్య గానీ మరణం గానీ 100లో 41 మందికి ఎదురైతే, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 54 మందికి ఎదురైంది. నాకు అనిపించేది ఒకటే, గుండెకి లాభం ఎంతన్నది పక్కన పెట్టినా, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరగడం కోసమైనా వైద్యం చేయించాలి.

నడక, పని, మాట

నడక గురించి అందరూ చెప్తారు, కానీ దిగులు మందులాగే అదీ పనిచేస్తుందని చెప్పరు. గుండెజబ్బుతో పాటు డిప్రెషన్ లక్షణాలు ఉన్న 101 మంది మీద అమెరికాలో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు నెలల వ్యాయామం, సెర్ట్రలిన్ రెండూ దాదాపు సమానంగా దిగులు తగ్గించాయి. డాక్టరు సరే అన్నాకే మొదలుపెట్టండి, పది నిమిషాలతో. మన ఊళ్ళో సగం వీధులు ఎత్తుపల్లాలే, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి కైలాసగిరి మెట్లు, వీధి చివర ఎత్తు అస్సలు వద్దు. ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారుజామున బళ్ళు ఆపేసి నడిచేవాళ్ళకి రోడ్డు వదిలేస్తారు, చదునుగా ఉంటుంది, పక్కనే కూర్చోడానికి గట్టు ఉంటుంది. ఎండాకాలం ఏడున్నర దాటితే ఉక్కకి ఒళ్ళంతా తడిసిపోతుంది కాబట్టి ముందే ఇంటికి చేరాలి. సింహాచలం గిరిప్రదక్షిణ మొక్కుకున్నామని ఆషాఢంలో బయల్దేరతారు కొందరు, అది 32 కిలోమీటర్లు, గుండెపోటు వచ్చిన ఏడాదిలో దాని ఆలోచన కూడా పెట్టుకోకండి, అప్పన్న ఏమీ అనుకోడు.

"రా నాన్నా, నడుద్దాం" అంటే నాన్న రాలేదు. వారం రోజులు ప్రయత్నించాను. తర్వాత రైతుబజారుకి తోడు రమ్మన్నాను, ఆనపకాయ లేతదో ముదురుదో నాకు తెలియదని. వచ్చారు. గోరు గుచ్చి చూసి రెండు తీసి పక్కన పెట్టి మూడోది నా చేతిలో పెట్టారు, ఒక్క మాట మాట్లాడలేదు, కానీ మర్నాడు ఆయనే సంచీ తీశారు. దిగులుతో ఉన్న మనిషికి "సంతోషంగా ఉండు" అని చెప్పడం కన్నా చిన్న పని ఒప్పగించడం మేలు. మనం చేసే పెద్ద తప్పు, ప్రేమతోనే అనుకోండి, గ్లాసు నీళ్ళు కూడా ముంచుకోనివ్వకపోవడం. దాంతో తను ఎందుకూ పనికిరానన్న ఆలోచన ఇంకా గట్టిపడుతుంది.

పరామర్శకి వచ్చేవాళ్ళ సంగతి. "మా తోడల్లుడికీ ఇలాగే స్టెంట్ వేశారు, ఆర్నెల్లు తిరక్కుండానే..." అని మంచం పక్కన కూర్చుని చెప్పేవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపండి, మొహమాటం వద్దు. మీరు కూడా "ధైర్యంగా ఉండాలి", "నీకేం తక్కువ" అనే మాటలు తగ్గించండి. "రాత్రి నిద్ర పట్టిందా?" "దేనికి భయంగా ఉంది?" అని అడిగి ఆగండి. మా నాన్న భయం చావు గురించి కాదు, రాత్రి నిద్రలో ఏదైనా అయితే అమ్మ ఒక్కతే ఏం చేస్తుందన్నది. దానికి ఒక దారి ఉంది కదా, పక్కింటి వాళ్ళ నంబరు, 108, నా నంబరు పెద్ద అక్షరాలతో గోడకి అంటించాం, అమ్మకి ఒకసారి చేయించి చూపించాం.

భార్యాభర్తల మధ్య ఉండే ఒక భయం కూడా ఉంది, ఎవరూ అడగరు, డాక్టరూ చెప్పరు. గుండెపోటు తర్వాత దాంపత్యం ప్రమాదమని చాలామంది పూర్తిగా దూరమైపోయి, లోలోపల కుమిలిపోతారు. రెండంతస్తులు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే చాలామందికి ఇబ్బంది ఉండదు, కానీ డాక్టరుని అడిగి నిర్ధారించుకోవాలి. పిల్లల్ని బయట కూర్చోబెట్టి భార్యాభర్తలిద్దరే లోపలికి వెళ్ళి అడిగితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చచ్చిపోవాలనుంది అంటే

ఈ మాట నోటి వెంట వచ్చినా, వచ్చేలా అనిపించినా నేరుగా అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతాం, అలా జరగదు, అడిగితే బరువు దిగుతుంది. అవునంటే మనిషిని ఒంటరిగా వదలకండి. గుండె మందుల్లో ఎక్కువ మోతాదులో ప్రాణం తీసేవి ఉంటాయి కాబట్టి స్ట్రిప్పులన్నీ మీ దగ్గర పెట్టుకుని పూటకి పూట ఇవ్వండి. 14416కి ఫోన్ చేయండి, ఆగే పరిస్థితి లేకపోతే నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. కేసవుతుందని దాచిపెట్టకండి, 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక అలాంటి ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూసి వైద్యం ఇవ్వాలనే చట్టం చెప్తోంది.

చూసుకునేవాళ్ళని కూడా ఎవరో ఒకరు చూడాలి. అమ్మ నాలుగు నెలల్లో చిక్కి సగమైంది, రాత్రిళ్ళు లేచి నాన్న ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదట. ఇప్పుడు శని, ఆదివారాలు నేనో తమ్ముడో అక్కడ పడుకుంటున్నాం, ఆ రెండు రాత్రులు ఆవిడ వేరే గదిలో తలుపేసుకుని పడుకుంటుంది.

మందు మొదలుపెట్టిన ఐదో వారంలో నాన్న తిండి కాస్త పెరిగింది, తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం తగ్గింది. చిరాకు ఇంకా ఉంది. ప్రతి చెకప్‌కి ముందురోజు ఆ రెండు ప్రశ్నలు మళ్ళీ అడుగుతున్నాను, అంకెలు అదే నోటు పుస్తకంలో బీపీ పక్కన రాస్తున్నాను. మొదట 6, తర్వాత 4, పోయినసారి 2. ఆదివారం సాయంత్రం మందుల డబ్బా గడులు ఇప్పుడు ఆయనే నింపుకుంటున్నారు, నేను పక్కన కూర్చుని చీటీ చదువుతాను. ఆ కుర్చీ బాల్కనీలోకి వచ్చింది.